లాబీయింగు అంటే ఏమిటి?

‘లాబీయింగు’ను తెలుగు చేయడం అనువాదకునికి చిక్కే. ‘సిఫారసు’ అంటే సగం అర్థమే వస్తుంది. ‘పైరవీ’ అంటే లంచం వాసన కొడుతుంది. ఉర్దూలో పైరవీకి వెంబడించడమని అర్థం. అసలు జరిగే పని అదే.

1981లో అమెరికా అధ్యక్షుడు రీగన్ సౌదీ అరేబియాకు 5 అవాక్స్ నిఘా విమానాలు అమ్మదలచారు. ఇజ్రాయెల్ అనుకూల సంస్థ ఐపాక్ సభ్యులను కలిసి వ్యతిరేకత కూడగట్టింది. ప్రతినిధుల సభ 301–111 ఓట్లతో అమ్మకాన్ని తిరస్కరించింది. కాని రెండు సభలూ కాదంటేనే బేరం ఆగేది. సెనేట్ మిగిలింది.

విమాన నిర్మాత బోయింగ్ కంపెనీ తనకు విడిభాగాలు అందించే కంపెనీలకు దేశమంతటా టెలిగ్రాములు పంపి, మద్దతు కూడగట్టమని కోరింది. సెనేటరుకు రియాద్ దూరం. తన రాష్ట్రంలోని కార్ఖానా, అందులోని కూలీల ఓట్లు దగ్గర. రీగన్ కూడా స్వయంగా సెనేటర్లతో మాట్లాడారు. అక్టోబరు 28న 52–48 ఓట్లతో అమ్మకం గట్టెక్కింది.

ఒకే లాబీ అమెరికాను ఆడిస్తుందని మన సభల్లో తరచు వింటాం. ఈ ఓట్ల లెక్క అందుకు ఒప్పుకోదు. అలాగని సౌదీ మాట నెగ్గిందనుకోవడమూ తొందరపాటే. ఆ ఒప్పందం విలువ దాదాపు 850 కోట్ల డాలర్లు.

1995 చట్టం ప్రకారం లాబీయిస్టులు ఎవరి తరఫున, ఎంత సొమ్ముకు పనిచేస్తున్నారో వెల్లడించాలి. ఇతరులను పురికొల్పి ఉత్తరాలు వ్రాయించడం మాత్రం ఆ చట్టం పరిధిలోకి రాదు.