మశూచిని వెతికి పట్టుకున్న వైద్యులు

అపోహ: దేశంలో అందరికీ టీకాలు వేయబట్టే మశూచి పోయింది.

వాస్తవం: టీకా లేకుండా పోయేది కాదు, నిజమే. కానీ అందరికీ వేసేదాకా ఆగి ఉంటే ఇంకెంతమంది పోయేవారో! 1966 డిసెంబరులో తూర్పు నైజీరియాలో విలియం ఫేగీ అనే అమెరికన్ డాక్టరుకు ఆ చిక్కే ఎదురైంది. ఊళ్లన్నిటికీ చాలినంత టీకా మందు లేదు. రేడియోలో చుట్టుపక్కల మిషనరీలను పిలిచి, ఎక్కడెక్కడ మశూచి ఉందో కనుక్కోమన్నారు. జబ్బున్న ఊళ్లకూ, అక్కడివాళ్లు వెళ్లే సంతలకూ, చుట్టాల ఊళ్లకూ ముందుగా టీకాలు వేయించారు. జబ్బు అక్కడే ఆగింది.

ఎందుకు ఆగిందంటే, మశూచి దాక్కోలేదు. పొక్కులు లేచే వేళకే అది ఎక్కువగా అంటుకునేది. సోకిన మూడు నాలుగు రోజుల్లోపు టీకా పడితే చాలామందికి జబ్బే వచ్చేది కాదు.

అపోహ: టీకాల డాక్టరంటే సూది వేసే డాక్టరు.

వాస్తవం: సూది వేయడం చివరి పని. 1970లలో ఫేగీ మనదేశంలోనూ పనిచేశారు. మన పెద్దలు అమ్మవారు పోసిందని వేపమండలు కట్టుకున్న ఆ జబ్బు కోసం కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు. ఒళ్లంతా పొక్కులున్న పసిబిడ్డ ఫొటో చూపించి, “ఇలాంటిది ఎక్కడైనా చూశారా?” అని అడిగేవారు. కబురు చెప్పినవాళ్లకు బహుమతి. ఆ తర్వాతే రెండు మొనల సూదిని మందులో ముంచి, జబ్బ మీద పదిహేను పోట్లు. 1975 మే తర్వాత మనదేశంలో మశూచి లేదు. ఆ పేరులేని కార్యకర్తల కాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

అపోహ: జబ్బ మీద మచ్చ ఉంటే మశూచి టీకా పడినట్టే.

వాస్తవం: 1980 తర్వాత పుట్టినవాళ్లకైతే అది క్షయ రాకుండా వేసే బీసీజీ మచ్చ.

అపోహ: మశూచికి చాలినప్పుడు పోలియోకీ జబ్బున్నచోటే మందు వేస్తే చాలదా?

వాస్తవం: చాలదు. పోలియో సోకిన దాదాపు రెండు వందల మందిలో ఒక్కరికే కాలో చెయ్యో పడిపోతుంది. మిగతావాళ్లు పైకి బాగానే కనబడుతూ అంటిస్తారు. అందుకే “మొన్నేగా వేశారు” అని తల్లులు విసుక్కున్నా, ఐదేళ్లలోపు పిల్లలందరికీ పోలియో చుక్కలు మళ్లీ మళ్లీ వేశారు. చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టి, పిల్లలందరికీ పడిన ఇంటి గోడ మీద ‘పి’ అనీ, ఒక్కరు తప్పినా ‘ఎక్స్’ అనీ రాసేవారు. ఎక్స్ ఉన్న తలుపు మళ్లీ తట్టేవారు. మనదేశంలో సహజ వైరస్ వల్ల వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో బయటపడింది.