రాడ్లు వేసిన వెన్నుతో గర్బా ఆడొచ్చా?

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు మగ్గాలను నమ్ముకుని బతికే తెలుగు ఇళ్లలో, వాయిదా వేయగల ఆపరేషన్ ఏదైనా పిల్లల ఎండాకాలం సెలవులకే పెట్టుకుంటారు. వెన్ను పక్కకు వంకరపోయే స్కోలియోసిస్‌కూ అంతే. మేలో అమ్మాయికి ఆపరేషన్ అయితే నవరాత్రి నాటికి సుమారు ఐదు నెలలు గడుస్తాయి. వీధిలో డోలు మోగగానే ఇంట్లో వాదన మొదలవుతుంది. "లోపల కడ్డీలున్నాయి, ఇక ఎగరడం గిగరడం కుదరదు" అని నానమ్మ. "నడుస్తోంది కదే, ఆడనీ" అని అన్న. ఇద్దరి మాటలోనూ సగమే నిజం.

అపోహ: ఎగిరితే రాడ్లు విరుగుతాయి.

రాడ్లు, స్క్రూలు వెన్నును నిలబెడతాయి. కానీ అసలు పని జరగాల్సింది వాటి కింద. సర్జన్ పేర్చిన ఎముక ముక్కలు పెరిగి, విడివిడి పూసలను ఒకే ఎముకగా కలపాలి. శ్లాబు గట్టిపడేదాకా సెంట్రింగ్ ఉంచినట్టే ఇదీ. కాకపోతే శ్లాబు కింది కర్రలు తీసేస్తారు, రాడ్లను మాత్రం ఇన్ఫెక్షన్‌లాంటి ఇబ్బంది వస్తే తప్ప లోపలే వదిలేస్తారు. ఎముక గట్టిగా కలవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. తర్వాతెప్పుడో రాడ్ విరిగిందంటే, చాలావరకు కింద ఎముక అతుక్కోలేదనే అర్థం. ఆ నేరం ఒక గెంతు మీద వేయకూడదు.

అపోహ: ఆరు నెలలు మంచం దిగకూడదు.

ఈ భయం పాత కాలానిది. 1960లలో హారింగ్టన్ రాడ్ వాడినప్పుడు పిల్లలు నెలల తరబడి ప్లాస్టర్ కట్టులో ఉండేవారు. ఇప్పుడు ప్రతి పూసకూ పట్టు దొరికేలా స్క్రూలు బిగిస్తున్నారు కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే లేపి నిలబెడతారు. మొదటి వ్యాయామం నడకే. ఇంట్లో అటూ ఇటూ, తర్వాత వీధి చివరిదాకా, ఆపైన ఇంకొంచెం దూరం. నాలుగు నుంచి ఆరు వారాల్లో చాలామంది బడికి వెళ్లిపోతారు. పుస్తకాల సంచి బరువు కొన్నాళ్లు ఇంకొకరు మోయాలి. అన్నట్టు, ఆ సంచి మోయడం వల్లే వెన్ను వంకరపోయిందన్నదీ అపోహే.

అపోహ: డాక్టర్ చెప్పిన గడువు దాటితే అన్ని ఆటలూ ఒకటే.

ఆటను బట్టి గడువు మారుతుంది, సర్జన్‌ను బట్టీ మారుతుంది. గాయం పూర్తిగా మానాక ఈత, కదలని సైకిల్ తొక్కడం. మూడు నెలలు దాటాక మెల్లగా పరుగు. ఒంటికి ఒళ్లు తగలని ఆటలు మూడు నుంచి ఆరు నెలల మధ్య. కబడ్డీ, కుస్తీ లాంటివి చివరన, సాధారణంగా ఏడాది తర్వాత, అదీ ఎక్స్‌రే చూసి సర్జన్ ఒప్పుకుంటేనే. కొందరు అసలే వద్దంటారు.

మరి ఐదో నెలలో గర్బా? అడుగులో అడుగేసి తిరిగే గుండ్రాలకు చాలామంది సర్జన్లు అడ్డు చెప్పకపోవచ్చు. గెంతుతూ గిర్రున తిరిగే దోఢియుకు, తోపులాట ఉండే మైదానానికి మాత్రం ఈ ఏడు ఆగమంటారు. నన్నడిగితే ఆ అమ్మాయి మొదటి ఆట బతుకమ్మే కావాలి. అందులో వేగం తక్కువ. నడుము పూర్తిగా వంచకుండా చప్పట్లు కొట్టినా ఎవరూ తప్పు పట్టరు.

అపోహ: ఇక ఒళ్లు వంగదు.

ఇక్కడే తల్లిదండ్రులు సర్జన్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "ఎప్పుడు ఆడొచ్చు?" అని అందరూ అడుగుతారు. "ఏ పూస దాకా కలిపారు?" అని అడిగేవారు తక్కువ. ఛాతీ భాగంలోని పూసలు పక్కటెముకలతో కట్టేసి ఉంటాయి కాబట్టి మామూలుగానే వాటి వంపు తక్కువ. ముందుకు వంగేది ఎక్కువగా తుంటి కీళ్ల దగ్గర, నడుములో. కలయిక ఛాతీ చివర ఆగితే తేడా అంతగా తెలియదు. నడుములో మూడో, నాలుగో పూస దాకా దిగితే వంగడం బాగా తగ్గుతుంది, కింద మిగిలిన డిస్కుల మీద భారం పెరుగుతుంది. 2012లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో పది మందిలో దాదాపు ఆరుగురు పాత స్థాయిలోనో, అంతకన్నా మెరుగ్గానో ఆటలకు తిరిగొచ్చారు. కలయిక కిందికి దిగేకొద్దీ ఆ అవకాశం తగ్గింది. జిమ్నాస్టిక్స్, చక్రాసనం, ఫాస్ట్ బౌలింగ్ కోరుకునే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి, ఆపరేషన్ అయ్యాక కాదు.

అపోహ: పెద్ద స్థాయి ఆట ఇక కలే.

అమెరికా గోల్ఫర్ స్టేసీ లూయిస్‌కు 11 ఏళ్లకు స్కోలియోసిస్ బయటపడింది. ఏడేళ్లకు పైగా రోజుకు 18 గంటలు బ్రేస్ వేసుకుంది. 2003లో ఆమె వెన్నుకు ఒక రాడ్, ఐదు స్క్రూలు బిగించారు. గోల్ఫ్ అంటేనే నడుం తిప్పే ఆట. ఆమె 2013లో ప్రపంచ నంబర్ వన్ అయింది. అయితే ఐదు స్క్రూల వెన్ను వేరు, ఇరవై స్క్రూల వెన్ను వేరు. ఆమెను చూపించి మన పిల్లకు గడువు కట్టకూడదు.

ఉత్తరాయణం నాటికి ఎనిమిది నెలలు నిండుతాయి. మెడ ఎత్తి పతంగి ఎగరేయడం వెన్నుకు పెద్ద పని కాదు. భయపడాల్సింది పిట్టగోడ లేని డాబాకు, పతంగి వెంట వెనక్కి వేసే అడుగుకు. ఆడేటప్పుడు కాలు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, వీపులో కొత్త నొప్పి మొదలైనా, కుట్ల దగ్గర చెమ్మగానీ జ్వరంగానీ కనిపించినా మాత్రలతో కాలక్షేపం చేయకుండా ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు వెంటనే చూపించాలి.