కొండ మీద మైకు: పబ్లిక్ భూముల్లో వేట మీద ఒక పాడ్‌కాస్టు

డెన్వరులో నేను పనిచేసే క్లయింటు ఆఫీసులో ఒక సహోద్యోగి ఉన్నాడు. ఏడాది పొడుగునా డేటాబేసులు చూసుకుంటాడు. సెప్టెంబరు వస్తే మాత్రం మనిషి కనపడడు, విల్లు భుజాన వేసుకుని ఎల్క్ వేటకి కొండలెక్కుతాడు. రెండేళ్ళ క్రితం ఒకరోజు లంచ్ టైములో నా దగ్గరకొచ్చి, “నీకు ఆర్.ఎస్.ఎస్. తెలుసుగా, వేట మీద నాకో పాడ్‌కాస్టు పెట్టిపెట్టు” అన్నాడు. కొంచెం తటపటాయించాను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అంటే పేపర్లో పడే కేసే కదా. ఇక్కడ సంగతి వేరని అతని మొదటి నాలుగు ఎపిసోడ్లూ ఎడిట్ చేస్తూ తెలుసుకున్నాను. మీలో ఎవరికైనా ఇలాంటి సరదా ఉంటే పనికొస్తుందని ఈ వ్యాసం.

ముందు ఆ భూముల గురించి. అమెరికాలో బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్ చేతిలో సుమారు 24.5 కోట్ల ఎకరాలు, ఫారెస్ట్ సర్వీసు చేతిలో 19.3 కోట్ల ఎకరాలు ఉన్నాయి. నెవాడాలో దాదాపు 80 శాతం నేల ఫెడరల్ ప్రభుత్వానిదే. మనవాళ్ళు బాగా ఉన్న టెక్సస్‌లో అది రెండు శాతం పైచిలుకు కూడా కాదు, అందుకే అక్కడ వేట అంటే ఎక్కువగా ఎవరిదో రాంచికి డబ్బు కట్టి వెళ్ళడం. ఈ పబ్లిక్ భూముల్లో చాలాభాగంలో లైసెన్సు, ట్యాగు ఉన్న మామూలు మనిషి వేటాడుకోవచ్చు (నేషనల్ పార్కుల్లో మాత్రం సాధారణంగా కుదరదు). తమాషా ఏమిటంటే నేల ఫెడరల్ ప్రభుత్వానిదైనా, దాని మీద తిరిగే జింకని ప్రజల తరఫున చూసుకునేది రాష్ట్రం. సీజన్లు, ట్యాగుల సంఖ్య, లాటరీ అన్నీ రాష్ట్రానివే. తుపాకులు, తూటాల మీద 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం వసూలయ్యే 10, 11 శాతం ఎక్సైజు పన్ను కూడా వన్యప్రాణుల సంరక్షణకోసం రాష్ట్రాలకే వెళుతుంది. ఇన్ని చిక్కుముడులున్న చోట మాట్లాడుకోవడానికి విషయం కరువు రాదు.

ఒక్క ఉదాహరణ చెప్తాను, ప్రోగ్రామర్లకి నచ్చుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో రైల్వే కంపెనీలకి మైలు చదరపు గళ్ళుగా, ఒక గడి విడిచి ఒక గడి చొప్పున భూమి ఇచ్చారు. అందువల్ల వయోమింగ్‌లో కొన్ని చోట్ల మ్యాపు చదరంగం బల్లలా ఉంటుంది: ఒక గడి ప్రైవేటు, పక్కది పబ్లిక్. మరి ఒక పబ్లిక్ గడి నుంచి మూలగా ఉన్న ఇంకో పబ్లిక్ గడికి, మూల దగ్గర దాటి వెళ్ళవచ్చా? అంటే ఈ గ్రిడ్డులో ఒక గడికి పొరుగు గళ్ళు నాలుగా, ఎనిమిదా? 2021లో మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్ళు ప్రైవేటు నేల మీద కాలు పెట్టకుండా మూల మీదుగా నిచ్చెన వేసుకుని దాటారు. భూస్వామి కోర్టుకెక్కాడు. 2025 మార్చిలో టెన్త్ సర్క్యూట్ అపీళ్ళ కోర్టు వేటగాళ్ళ పక్షాన తీర్పిచ్చింది, అక్టోబరులో సుప్రీం కోర్టు ఆ కేసు తీసుకోనంది. ఆ సర్క్యూట్ రాష్ట్రాల్లో ఇప్పుడు ఎనిమిది. పక్కనున్న మోంటానా ఆ సర్క్యూట్లో లేదు కనుక అక్కడ ఆ తీర్పు వర్తించదు. ఇలాంటి విషయాన్ని ఓపిగ్గా గంటసేపు చెప్పడానికి పాడ్‌కాస్టుని మించినది లేదు. స్టీవెన్ రినెల్లా, రాండీ న్యూబర్గ్ లాంటివాళ్ళు ఆ పని చాలాకాలంగా చేస్తున్నారు.

టెక్నాలజీ భాగం నిజానికి చిన్నది. ఒక ఆడియో ఫైలు, దాన్ని చూపించే ఒక ఎక్స్.ఎం.ఎల్. ఫైలు, అంతే. 2000 చివర్లో ఆర్.ఎస్.ఎస్.లో చేర్చిన ‘ఎన్‌క్లోజర్’ అనే ట్యాగు మీదే ఇదంతా నడుస్తోంది. దానికి మూడు ఆట్రిబ్యూట్లు: ఫైలు చిరునామా, రకం, పొడవు. పొడవు అంటే బైట్లలో ఫైలు సైజు. మావాడు ముందు అక్కడ సెకన్లు రాశాడు, డేటాబేసుల మనిషి అయ్యుండీ! ప్రతి ఎపిసోడుకీ ఒక జి.యు.ఐ.డి. ఉంటుంది. దాన్ని తర్వాత మార్చకండి, మారిస్తే శ్రోతల ఫోన్లు అదే ఎపిసోడుని కొత్తదనుకుని మళ్ళీ దించుకుంటాయి. ఫీడు చిరునామా మాత్రం మీ సొంత డొమైను మీద పెట్టుకోండి. స్టిచర్ 2023లో, గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడ్డాయి. అలాంటప్పుడు ఫీడు మీ చేతిలో ఉంటే శ్రోతలు ఇంకో యాపులో మిమ్మల్ని వెతుక్కుంటారు.

రికార్డింగు ఇంట్లో ఐతే సులువే. కొండ మీద శత్రువు గాలి. మైకు మీద బొచ్చు తొడుగు లేకపోతే ఎంత ఖరీదైన రికార్డరైనా దండగ. ఒకసారి గాలి మైకుని కొట్టి సిగ్నలు క్లిప్ అయిందంటే, తర్వాత ఏ ఫిల్టరూ మాటని తిరిగి తేలేదు. చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి, లోపలి జేబులో పెట్టుకోవాలి. ఒక్క మైకుతో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ వేవ్ ఫైలు గంటకి సుమారు 318 మెగాబైట్లు అవుతుంది. మాటలే కనుక శ్రోతలకి 64 కిలోబిట్ల మోనో ఎం.పి.3 చాలు, గంటకి 29 మెగాబైట్లు. మొదట్లో వినిపించడానికి సినిమా పాట పది సెకన్లు వాడుకుంటే తప్పులేదన్న మాట మనవాళ్ళలో ఉంది. అలాంటి పది సెకన్ల నియమం చట్టంలో ఎక్కడా లేదు.

ఇక అసలు చిక్కు. మూడో ఎపిసోడులో మావాడు ఉత్సాహం కొద్దీ ఒక వాగు పేరు చెప్పాడు. రోడ్డు చివర కారాపి రెండు గంటలు నడిస్తే చాలన్నాడు. మరుసటి సెప్టెంబరులో ఎప్పుడూ ఒకటో రెండో కార్లుండే చోట పదకొండు ఉన్నాయట. పాడ్‌కాస్టు వల్లేనని రుజువు లేదు, కానీ పన్నెండేళ్ళుగా వెళుతున్న చోటు అతనికి పోయింది. అంతకంటే అక్కడ తనలాగే నోరు మెదపకుండా తిరిగే ఒక పెద్దాయన ఉండేవాడని, ఆయన ముఖం చూడలేకపోయానని చెప్పి బాధపడ్డాడు.

ఎపిసోడు తీసేశాం. కానీ పాడ్‌కాస్టు వెబ్‌పేజీ కాదు. ఫీడులోంచి తీసేసినా, అప్పటికే ఫోన్లలోకి దిగిన కాపీలు అక్కడే ఉంటాయి. పాత చిరునామాలోనే సరిచేసిన ఫైలు పెట్టినా, దించుకున్నవాళ్ళ దగ్గరికి అది వెళ్ళదు. ఒకప్పుడు ఆడియోలో అన్న మాటని ఎవరూ వెతకలేకపోయేవారు, అదో రక్షణ. ఇప్పుడదీ పోయింది. 2024 మార్చి నుంచి ఆపిల్ పాడ్‌కాస్ట్స్ ప్రతి ఎపిసోడుకీ తనంతట తానే ట్రాన్స్‌క్రిప్టు తయారుచేస్తోంది. వాగు పేరు ఇప్పుడు టెక్స్టు.

అందుకని ఒక చిన్న స్క్రిప్టు రాసిపెట్టాను. ఓపెన్‌ఏఐ 2022లో విడుదల చేసిన విస్పర్ మన కంప్యూటరులోనే నడుస్తుంది. ప్రచురించే ముందు దానితో ఎపిసోడుని టెక్స్టుగా మారుస్తాను. అమెరికా జియలాజికల్ సర్వే ఊరికే ఇచ్చే స్థలనామాల జాబితా తీసుకుని, ఆ రాష్ట్రంలోని వాగులు, శిఖరాల పేర్లతో పోలుస్తాను. విస్పర్ పేర్ల స్పెల్లింగు ఇష్టమొచ్చినట్టు రాస్తుంది కాబట్టి అచ్చంగా కలిసినవే కాక, ఎడిట్ డిస్టెన్స్ తక్కువున్నవీ చూడాలి. బేర్ క్రీక్ లాంటి పేర్లు రాష్ట్రానికి డజన్ల కొద్దీ ఉంటాయి, వాటికి కంగారు పడక్కర్లేదు. ఫోటోల్లో దాగిన జి.పి.ఎస్. అంకెలు చెరిపేయడం మీకు తెలిసిందే. వెనక కనిపించే కొండల వరస చూసి చోటు పట్టేవాళ్ళున్నారు, దానికి స్క్రిప్టు లేదు.

చివరగా వీసా మీదున్నవాళ్ళకి రెండు మాటలు. హెచ్-1బి మీ పిటిషన్ వేసిన కంపెనీలో పనికే అనుమతి. పాడ్‌కాస్టు సరదాగా చేసుకోవడం ఒకటి, దాని మీద ప్రకటనల డబ్బు, స్పాన్సరు డబ్బు తీసుకోవడం మరొకటి. రెండోది అనుమతి లేని ఉద్యోగం కిందకి రావచ్చు. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్ళు నెలకి యాభై డాలర్ల కోసం అంత రిస్కు తీసుకోవడం నా దృష్టిలో తెలివితక్కువ. తుపాకీ సంగతి ఇంకా గట్టిది. నాన్-ఇమ్మిగ్రంట్ వీసాతో వచ్చినవారి దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. “ఎపిసోడు కోసం ఒక్కసారి పట్టుకుని చూడు” అని అతిథి తుపాకీ చేతికిస్తే, మైకు నడుస్తుండగా అది రికార్డు అవుతుందని గుర్తుంచుకోండి. అడగాల్సింది నన్ను కాదు, ఇమ్మిగ్రేషన్ లాయరుని.

మావాడు పౌరుడు, అతనికి ఈ బాధలేవీ లేవు. పోయిన ఏడాది కొత్త చోటు వెతుక్కుని ఎల్క్ కొట్టాడు. వేట మాంసం అమ్మకూడదు, ఊరికే ఇవ్వవచ్చు. ఓ పొట్లం తెచ్చిచ్చాడు. కొవ్వు బొత్తిగా లేదు, మటనులా వండితే పీచు అయిపోతుంది. మా ఆవిడ పెరుగులో రాత్రంతా నానబెట్టి, నూనె కాస్త ఎక్కువ వేసి, సన్నని సెగ మీద మూడు గంటలు ఉడికించింది. ఎక్కడ కొట్టావని అడిగాను. “కొలరాడో” అన్నాడు.