కలము పట్టిన చేతులు

ఓరుగల్లు కోటలో కాకతీయుల నాటి శిలాతోరణములు నాలుగు నేటికిని నిలిచియున్నవి. ఆ కోటలోనే 1946వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన జాతీయపతాకము నెగురవేసిన వారిపై రజాకార్లు దాడి చేసిరి. ఆ దాడిలో బత్తిని మొగిలయ్య ప్రాణములు కోల్పోయెను. ఆయన పేరు వరంగల్లు ప్రజలకు సుపరిచితము. పట్టణమున ఆయన స్మారకముగా ఒక మందిరము కూడ వెలసినది.

చరిత్ర వీరుల పేర్లు వ్రాసికొనును. దుర్మార్గుల పేర్లును వ్రాసికొనును. కాని ఈ ఇరువురికిని నడుమ ఏ పుటలోను పేరు కానరాని పెద్దసమూహ మొకటి కలదు. వారు ఎవరినీ చంపినవారు కారు. ఎవరినీ కొట్టినవారును కారు. ప్రొద్దున లేచి, స్నానము చేసి, దేవునికి దండము పెట్టుకొని, కచేరికో బడికో పోయి, చెప్పినపని చేసి, సాయంకాలమునకు ఇల్లు చేరినవారు. వారు లేనిదే ఏ నిరంకుశరాజ్యమును ఒక్కదినము నిలువజాలదు.

1941వ సంవత్సరపు జనాభా లెక్కల నాటికి నిజాము రాజ్యమున కోటి అరువది లక్షలకు మించిన ప్రజ లుండిరి. అంతటి జనమును ఒక్క ప్రభువు కత్తితో ఏలగలడా? ఏలలేడు. కత్తి అప్పుడప్పుడు మాత్రమే ఒరనుండి వెలికి వచ్చును. తక్కిన కాలమంతయు రాజ్యమును నడుపునది కలము. హిట్లరు నాటి జర్మనీతో ఈ రాజ్యమును సరిపోల్చుట న్యాయము కాదు. ఇది పాతకాలపు రాచరికము. అయినను మంచివాడు చెడ్డపనికి చేయి కలుపు దారి మాత్రము రెండింటను ఒక్కటే.

ముందుగా పల్లెను చూతము. గడీలో దేశముఖు. గడీ వెలుపల ముగ్గురు ఉద్యోగులు. మాలీపటేలు శిస్తు వసూలు చేయును. పోలీసుపటేలు శాంతిభద్రతలు చూచును. పట్వారీ లెక్కలు వ్రాయును. అధికారి దౌరాకు వచ్చినచో కుమ్మరి కుండలు తేవలెను, గొల్ల గొఱ్ఱెను ఈయవలెను, గీతకార్మికుడు కల్లు పోయవలెను, చాకలి చాకిరి చేయవలెను. కూలి లేదు, వెల లేదు. దీనికే వెట్టి యని పేరు.

పట్వారీ ఎవరిని కొరడాతో కొట్టెను? ఆయన ఇంట భాగవత పఠనము జరుగుచుండవచ్చును. ఆకలితో వచ్చినవానికి అన్నము పెట్టియుండవచ్చును. కాని ఎవరి భూమి ఎవరి పేర నున్నదో చెప్పునది ఆయన పహాణీ. లెవీ ధాన్యము ఎవరు ఎన్ని బస్తాలు కొలువవలెనో చెప్పునది ఆయన చిట్టా. పహాణీలో ఒక్క పేరు మారినచో ఒక కుటుంబము వీధిలో పడును. ఆ మార్పునకు నెత్తురు చిందనక్కరలేదు. రెండు చుక్కల సిరా చాలును. వ్రాయువాడు తనలో తా ననుకొనును: ‘‘నేను వ్రాయకున్న మఱియొకడు వ్రాయును. వాడు నాకంటె కఠినుడు కావచ్చును. నేనుండుటచేతనే ఈ మాత్రము దయ మిగిలినది.’’ ఈ మాటలో కొంత సత్యము కలదు. అందుచేతనే ఇది అంత ప్రమాదకరమైన మాట.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ వెట్టికి పోనన్నది. కౌలుకు దున్నుకొన్న భూమిని విసునూరు దేశముఖునకు వదలనన్నది. ఆమెకు చదువు రాదు, పదవి లేదు. చదువును పదవియు గలవారు పలుకలేని ‘కాదు’ అను మాటను ఆమె పలికెను. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు కూలిన పిమ్మట ఆ మాట ఊరూర ప్రతిధ్వనించెను.

ఇక పాఠశాలను చూతము. రాజ్యభాష ఉర్దూ, ప్రజలలో పెక్కుమంది భాష తెలుగు. ప్రైవేటు పాఠశాలకు సర్కారు అనుమతి కావలెను. ‘గస్తీ నిషాన్ 53’ అను ఉత్తరువు వచ్చినపిదప సభ జరుపుటకును అనుమతి కావలెను. పాఠశాలలలో నిజాము ప్రభువు క్షేమమును కోరు గీతమును పిల్లలచే పాడించెడివారు. ఒక పాట పాడించుట గొప్ప నేరమా? కాదు. అయితే నేరము ఎన్నడును నేరముగా ప్రారంభము కాదు. నేడు పాట, రేపు పాఠములో ఒక పుట విడిచిపెట్టుట, ఎల్లుండి ప్రశ్నించిన విద్యార్థిని కన్నెఱ్ఱ చేసి కూర్చుండబెట్టుట. ఏ మెట్టుకా మెట్టు చిన్నదే. వెనుకకు తిరిగి చూచునప్పటికి దిగివచ్చినది లోతైన బావి యని తెలియును.

1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములలో వందేమాతరము పాడరాదని అధికారులు శాసించిరి. విద్యార్థులు వినలేదు. ఉద్యమము వరంగల్లునకును ప్రాకెను. వందలకొలది విద్యార్థులు బహిష్కృతులైరి. వారిలో అనేకులకు నాగపూరు విశ్వవిద్యాలయము ఆశ్రయ మొసగెను. అట్లు వరంగల్లునుండి నాగపూరు చేరిన విద్యార్థులలో పి.వి. నరసింహారావు ఒకరు, 1991లో ఆయన భారత ప్రధానమంత్రి అయ్యెను. ఈ కథ అందరికిని తెలిసినదే. కాని ఆ బహిష్కరణ పత్రములను ఎవరో వ్రాసిరి. ఎవరో నకళ్ళు తీసిరి. ఎవరో హాజరుపట్టీలో ఆ పేర్లపై గీత గీచిరి. వారిలో ఎందరో తమ శిష్యులను ప్రేమించినవారే అయియుందురు. గీత గీచినప్పుడు చేయి వణకినదేమో! అయినను గీత పడినది.

1947, 48 సంవత్సరములలో కత్తి ఒరనుండి బయటికి వచ్చెను. 1947 సెప్టెంబరు 2న పరకాలలో పతాకము నెగురవేయ గుమిగూడిన ప్రజలపై కాల్పులు జరిగి 22 మంది మరణించిరి. 1948 ఆగస్టు 27న బైరానుపల్లి గ్రామస్థులు పదులకొలది హతులైరి. కాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లలో చేరినవారందరును పుట్టుకతో క్రూరులా? కాదు. రాజ్యము తమదే యని నమ్మింపబడిన పేదలు, రేపేమగునో యని భయపడినవారు వారిలో ఎందరో కలరు. ఇక ఆ రజాకార్ల అండను కోరి, వారిని తమ గడీలకు పిలిపించుకొన్న హిందూ దేశముఖులును కలరు. కావున ఇది మతముల కథ కాదు.

‘కాదు’ అన్నవారి కథయు అట్టిదే. రజాకార్ల దౌర్జన్యములను ఖండించి భారతదేశమున చేరుటయే మేలని 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిములు ప్రకటన చేసిరి. వారిలో ఫరీద్ మీర్జా నాందేడు జిల్లాలో రెవిన్యూ ఉద్యోగము చేయుచు మనసొప్పక రాజీనామా ఇచ్చినవాడు. ఆ నెలలోనే ‘ఇమ్రోజ్’ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాదు వీధిలో చంపిరి. వరంగల్లు కాళోజీ నారాయణరావును, చినగూడూరు దాశరథి కృష్ణమాచార్యులును చెరసాలకు పోయిరి. వీరికిని ఇల్లును పిల్లలును భయములును అందరివలెనే యుండెను. కలము వీరి చేతులలోను ఉండెను.

1948 సెప్టెంబరు 17న నిజాము సేన లొంగిపోయెను. కథ అచ్చట ముగిసినచో బాగుండెడిది. తరువాతి దినములలో, ముఖ్యముగా మరాట్వాడా జిల్లాలలో, నిరపరాధులైన ముస్లిములు వేలకొలదిగ హతులైరి. ప్రభుత్వము పంపిన సుందరలాల్ సంఘము ఆ సంఖ్యను 27 వేలకును 40 వేలకును నడుమ అంచనా వేసెను. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రజలకు అందలేదు. నిన్నటివరకు పీడను సహించినవారిలోనే కొందరు నేడు పొరుగువాని ఇల్లు దోచుకొనిరి. తక్కినవారు తలుపులు మూసికొనిరి. పీడితుడనైయుంటిని గనుక నేను పీడకుడను కాజాలను అనుకొనుట కూడ ఒక భ్రమయే.

1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున స్టాన్లీ మిల్గ్రామ్ అను శాస్త్రజ్ఞు డొక పరీక్ష ప్రారంభించెను. సామాన్యపౌరులకు ‘ఉపాధ్యాయుడు’ అను పాత్ర నిచ్చి, తప్పు చెప్పిన ‘విద్యార్థి’కి విద్యుద్ఘాత మీయవలసినదని ఆజ్ఞాపించిరి. ఘాతములు నిజమైనవి కావు; ఆ సంగతి వారెరుగరు. మొదటి పరీక్షలలో 40 మందిలో 26 మంది చివరి మీట వరకును పోయిరి. పెక్కుమంది చెమటలు క్రక్కుచు, బాధపడుచునే నొక్కిరి. బాధపడుట వారి మంచితనమునకు సాక్ష్యమే. కాని ఆ మంచితనము మీటను ఆపలేదు.

హనుమకొండలో 1904లో స్థాపింపబడిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఉన్నది. నిజాము పాలనలో తెలుగు పుస్తకములను ఒకచోట కూర్చి, చదువుకొనుడని బల్లపై పెట్టుటకును ధైర్యము కావలసియుండెను. అందరును మొగిలయ్యలు కాలేరు; కానక్కరలేదు కూడ. ఒక పుస్తకమును దాచకుండుట, ఒక పేరుపై గీత గీయుటకు ముందు ‘ఏల?’ అని అడుగుట సామాన్యునికి సాధ్యమైన పనులే.

నేడు ఉపాధ్యాయుడు తరగతిలో ఆ దినములనుగూర్చి చెప్పునపుడు, చంపినవా రెవరు, చనిపోయినవా రెవరు అని రెండు ప్రశ్నలు వేయుట పరిపాటి. మూడవ ప్రశ్న యొకటి కలదు: ఆ ఉత్తరువుకు నకలు తీసినవా డెవడు? పిల్లలు కొంతసేపు ఆలోచింతురు. చరిత్రపాఠము అచ్చట ప్రారంభమగును.