వెబ్‌మెయిల్: పీహెచ్‌పీ వెర్షనా? డాట్ నెట్ వెర్షనా?

ఇంటర్వ్యూ కబుర్లు, పరీక్షల సమాచారం ఇప్పుడు ఈ-మెయిల్‌కే ఎక్కువగా వస్తున్నాయి. మెయిల్ తెరుచుకోకపోయినా, తెలుగు అక్షరాలు గడులుగా కనిపించినా నష్టపోయేది మనమే. మనలో కంప్యూటర్ కోర్సులు చదివేవాళ్ళు రేపు శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో ఒక కాలేజీకి వెబ్‌మెయిల్ పెట్టాల్సి రావచ్చు. కనుక ఈ విషయం తెలుసుకుందాం.

మెయిల్ సర్వర్ పోస్టాఫీసు లాంటిదనుకుంటే, వెబ్‌మెయిల్ దాని కౌంటరు. ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంటాయి. వెబ్‌మెయిల్ వాటిని ఐమ్యాప్ పద్ధతిలో తీసి చూపిస్తుంది, ఎస్ఎంటీపీ పద్ధతిలో పంపుతుంది. కాబట్టి కౌంటరు మార్చినంత మాత్రాన ఉత్తరాలు పోవు. అయితే అడ్రస్ బుక్, సెట్టింగులు చాలావరకు వెబ్‌మెయిల్ సొంత డేటాబేస్‌లో ఉంటాయి. మార్చే ముందు వాటిని కాపీ చేసుకోవాలి.

కొన్ని వెబ్‌మెయిళ్ళు రెండు వెర్షన్లలో వచ్చాయి. ఉదాహరణకు ఆఫ్టర్‌లాజిక్ కంపెనీ పీహెచ్‌పీలో ఒకటి, ఏఎస్‌పీ డాట్ నెట్‌లో ఒకటి ఇచ్చింది. పీహెచ్‌పీ 1995లో వచ్చింది. లైనక్స్, అపాచీ, మైఎస్‌క్యూఎల్‌తో కలిసి ఉచితంగా నడుస్తుంది. ఏఎస్‌పీ డాట్ నెట్‌ను మైక్రోసాఫ్ట్ 2002లో తెచ్చింది. దాని పాత వెర్షన్లకు విండోస్ సర్వర్, ఐఐఎస్ కావాలి, లైసెన్సుకు డబ్బు కట్టాలి. 2016లో వచ్చిన డాట్ నెట్ కోర్ మాత్రం లైనక్స్ మీద కూడా నడుస్తుంది.

ఒక ప్లాట్‌ఫారం నుంచి మరోదానికి మారడం తేలిక కాదు. సబీర్ భాటియా, జాక్ స్మిత్ 1996లో ప్రారంభించిన హాట్‌మెయిల్‌ను మైక్రోసాఫ్ట్ 1997 చివర్లో కొన్నది. ఫ్రీబీఎస్‌డీ మీద నడిచే దాని వెబ్ సర్వర్లను విండోస్ 2000కు మార్చడం 2000 వరకు కుదరలేదు. అంత పెద్ద కంపెనీకే అంత కాలం పట్టింది.

మరి తెలుగు సంగతి? 'శ్రీకాకుళం' మన కంటికి 4 అక్షరాలు. యూనికోడ్ లెక్కలో 10 గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, అంటే మొత్తం 30 బైట్లు. ఈ మాట పొడవెంత అని అడిగితే డాట్ నెట్ 10 అంటుంది. పీహెచ్‌పీలోని మామూలు ఫంక్షన్ 30 అంటుంది. ఆ ప్రోగ్రాం రాసినవారు సబ్జెక్టును 20 బైట్ల దగ్గర కత్తిరిస్తే ఒక గుర్తు మధ్యలో తెగి, దాని బదులు ప్రశ్నార్థకం కనిపిస్తుంది. పీహెచ్‌పీలో ఎంబీస్ట్రింగ్ వాడితే ఈ ఇబ్బంది తప్పుతుంది. డాట్ నెట్‌లో కూడా 2 గుర్తుల దగ్గర కత్తిరిస్తే 'శ్రీ' కాస్తా 'శ్' అవుతుంది. అంటే తప్పు భాషది కాదు, రాసిన తీరుది.

ఎంచుకునే ముందు ఈ నాలుగూ చూడాలి.

1. ఇప్పుడున్న సర్వర్ విండోసా, లైనక్సా?

2. దాన్ని రోజూ చూసుకునే మనిషికి ఏది వచ్చు?

3. తెలుగులో సబ్జెక్టు, ఉత్తరం, అటాచ్‌మెంట్ పేరు పంపితే సరిగ్గా చేరుతున్నాయా?

4. కొత్త వెర్షన్లు వస్తున్నాయా? పీహెచ్‌పీలో రాసిన రౌండ్‌క్యూబ్‌లో దాదాపు 10 ఏళ్ళుగా దాగిన ప్రమాదకర లోపాన్ని 2025 జూన్‌లో సరిదిద్దారు. అప్‌డేట్ చేయనివారికి ఆ మేలు దక్కదు.

మా అభిప్రాయంలో, లైసెన్సుకు డబ్బులేని సంస్థకు లైనక్స్, పీహెచ్‌పీ మేలు. విండోస్ సర్వర్, అది తెలిసిన మనిషి ముందే ఉన్నచోట డాట్ నెట్ మేలు. మిత్రులారా! పేరు చూసి, రంగు చూసి ఎంచుకోవద్దు. మన ఊరి పేరు తెలుగులో రాసి పంపి చూడండి. అది చెక్కుచెదరకుండా చేరితేనే ముందుకు వెళ్ళండి.