ఇంటి వాడుకకు వెల్డింగు యంత్రము

సంగారెడ్డి జిల్లా వాయవ్యపు కొసను, కర్ణాటక రాష్ట్రపు సరిహద్దునకు చేరువగా నారాయణఖేడ్ పట్టణము కలదు. 1956వ సంవత్సరమునకు పూర్వము ఈ తాలూకా బీదరు జిల్లాలో నుండెడిది. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమున మెదకు జిల్లాలో చేరినది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు దానిలో కలిసినది. చుట్టుప్రక్కల పల్లెలవారు పత్తి, కంది, జొన్న మొదలగు పైరులు పండించుకొని జీవించువారు. వారి యిండ్లలో ఏదో యొక ఇనుప వస్తువు విరుగని సంవత్సర ముండదు. పశువుల పాక తలుపునకు కీలు ఊడును. ట్రాలీ అడ్డపట్టీ పగులును. మోటారు నిలిపిన చట్రము వదులగును. ఇంతటి చిన్నపనికై పట్టణమునకు పోయి వెల్డింగు దుకాణమున వంతు వచ్చువఱకు వేచియుండుట కంటె, తామే యొక యంత్రమును కొనుక్కొనిన బాగుండునని తలంచువారు కలరు. మఱికొందఱు చేతిపని యందలి మక్కువచేత, తీరిక దొరికినప్పుడు పూలకుండీలకు పీటయో, పుస్తకములకు అరయో, పిల్లలకు ఉయ్యాలయో తమ చేతులతో చేసికొనగోరుదురు.

ఇట్టివారు అంగడికి పోయి మొదట అడుగు ప్రశ్న "దీని వెల ఎంత?" అనునది. ఆ ప్రశ్న తప్పుగాదు. కాని దానికి ముందు తమ్ము తాము అడుగుకొనవలసిన ప్రశ్నలు రెండు కలవు. ఏ ఇనుమును అతుకవలెను? ఇంటికి వచ్చు విద్యుత్తు తీగ ఎంత భారమును మోయగలదు? ఈ రెండిటికిని సమాధానము దొరకినచో వెల సంగతి తనంత తానే తేలిపోవును.

ఇనుమును ఇనుముతో అతుకుట మన పల్లెలకు క్రొత్తవిద్య కాదు. కమ్మరి రెండు ముక్కలను కొలిమిలో తెల్లగా మెరయునంతవఱకు కాల్చి, దాగలిపై నుంచి, సమ్మెటతో కొట్టి ఒకటి చేయును. ఇందు ఇనుము కరుగదు; మెత్తబడి కలిసిపోవును. విద్యుత్తుతో అతుకు పద్ధతి దీనికి భిన్నమైనది. 1881లో నికొలాయ్ బెర్నార్డోస్ అను రష్యా దేశీయుడు బొగ్గు కడ్డీకిని లోహమునకును నడుమ విద్యుత్తు మంటను పుట్టించి అతుకు వేసెను. 1888లో స్లావ్యానోవ్ అను మఱియొక రష్యా ఇంజనీరు బొగ్గునకు బదులు లోహపు కడ్డీనే వాడెను. ఆ కడ్డీ తానే కరిగి సందును నింపును. పిమ్మట స్వీడను దేశమున ఆస్కార్ షెల్‌బెర్గ్ ఆ కడ్డీకి పైపూత నిచ్చెను. ఆ పూత కాలి వాయువుగా మారి, కరిగిన లోహమునకు గాలి తగులకుండ కాపాడును. మిగిలినది చిట్టెముగా పైన గట్టిపడును. అతుకు చల్లారిన తరువాత సుత్తితో తట్టి ఆ చిట్టెమును రాల్చుదురు. నేడు ప్రతి వెల్డింగు దుకాణమునను కనబడు రాడ్డు ఇదియే.

అతుకు విధానములు ఇంకను పెక్కు గలవు. ఆక్సిజన్, ఎసిటిలీన్ వాయువులతో అతుకు పద్ధతిలో రెండు సిలిండర్ల నుంచుకొనవలెను. ఎసిటిలీన్ మిక్కిలి సులభముగా అంటుకొనునది గనుక ఇంటికి తగినది గాదు. సన్నని తీగ చుట్టనుండి దానంతటదే వచ్చు 'మిగ్' పద్ధతి వేగమైనదే గాని, గ్యాసుతో నడచు రకము ఆరుబయట గాలి వీచినప్పుడు చెడును. సిలిండరు తిరిగి నింపించుటకు దూరము పోవలసివచ్చును. ఆర్గాన్ వాయువుతో చేయు 'టిగ్' అతుకు అందమైనది, ఓపికతో కూడినది, ఖర్చుతో కూడినది. పొలము గట్టునను, పాకలోను, త్రుప్పు కొంత మిగిలిన ఇనుము మీదను పనిచేయగలిగినది రాడ్డుతో అతుకు పద్ధతియే. మొదటిసారి కొనువారికి ఇదియే తగును.

రాడ్డు యంత్రములలోను రెండు జాతులు గలవు. పాత దుకాణములలో నూనె నింపిన పెద్ద ఇనుపపెట్టె వంటి ట్రాన్స్‌ఫార్మరు కానవచ్చును. సెకనునకు 100 సార్లు దిశ మారు విద్యుత్తును అది ఉన్నదున్నట్లుగానే గ్రహించును గనుక దానికి బరువైన ఇనుప గుండెయు, లావైన తీగచుట్లును కావలెను. ఇన్వర్టరు యంత్రము అట్లుగాక, వచ్చిన విద్యుత్తును మొదట ఒకే దిశకు మార్చి, దానిని సెకనునకు వేలకొలది సార్లు తెంపి, ఆపైన వోల్టేజిని తగ్గించును. తరచుదనము పెరిగినకొలది గుండె చిన్నదగును. అందుచేతనే ఇన్వర్టరు ఒక చేత పట్టుకొని పోవుటకు వీలైనంత తేలికగా నుండును. అది ఏకముఖ విద్యుత్తు నిచ్చుటచే మంట నిలకడగా నుండి, నేర్చుకొనువానికి చేయి త్వరగా కుదురును. చిన్నరకములు సుమారు ఐదువేల రూపాయలు మొదలుకొని లభించుచున్నవి.

అయినను ట్రాన్స్‌ఫార్మరునకు ఒక మేలు కలదు. అది చెడినచో మోటార్లకు తీగ చుట్టు పనివాడు దానిని బాగుచేయగలడు. ఇన్వర్టరులోని పలక కాలిపోయినచో చాలసార్లు పలకనే మార్చవలసివచ్చును. ఇనుప రజను ఫ్యాను ద్వారా లోపలికి పోవుటయు దానికి హాని. కావున సికింద్రాబాదు రాణీగంజు అంగళ్ళలో నూరు రూపాయలు తక్కువకు దొరకినదని సంతోషించుటకు ముందు, మరమ్మతు చేయువారు జహీరాబాదులోనో సంగారెడ్డిలోనో ఉన్నారా యని విచారించుట మంచిది.

ఇక యంత్రముపై వ్రాసిన అంకెల సంగతి. '200 ఆంపియర్లు' అని పెద్ద అక్షరములతో వ్రాసియుండును. కొనువాడు 200 అంకెను చూచి, 160 ఆంపియర్ల యంత్రము కంటె ఇది మేలని తలంచును. కొంచెము లెక్కవేసి చూడవలెను. 2.5 మిల్లీమీటర్ల రాడ్డు కరుగుటకు సుమారు 80 ఆంపియర్లు చాలును. ఆ సమయమున మంటవద్ద వోల్టేజి 23 ప్రాంతముననుండును. రెండిటిని గుణించిన 1,840 వాట్లు. యంత్రములో కలుగు నష్టమును, విద్యుత్తును అది గ్రహించు తీరును లెక్కలో చేర్చినచో, 230 వోల్టుల ఇంటి తీగనుండి 13, 14 ఆంపియర్లు లాగును. ఇంటిలోని పెద్ద ప్లగ్గు మోయగలిగినది 16 ఆంపియర్లే. 3.15 మిల్లీమీటర్ల రాడ్డు వాడినచో ఈ లాగుడు 20 దాటును. యంత్రమును నిజముగా 200 ఆంపియర్లకు త్రిప్పినచో 40 వఱకు పోవును. అనగా ఆ పెద్ద అంకెను ఇంటి ప్లగ్గు ఎన్నటికిని ఈయలేదు. ఫ్యూజు ఎగిరినచో అదృష్టమే. లావు ఫ్యూజు తీగ వేసి దానిని ఎగురనీయకుండ చేసినచో గోడలోని తీగ కాలును. యంత్రము కొనుటకు ముందు ఎలక్ట్రీషియనును పిలిచి, మీటరునుండి ప్రత్యేకముగా లావు తీగను, తగిన ఎం.సి.బి.ని, మంచి ఎర్తును అమర్పించుకొనవలెను. సన్నని పొడవైన తీగతో దూరమునకు లాగిన వోల్టేజి పడిపోవును, తీగయు వేడెక్కును. స్తంభపు తీగకు కొండీ తగిలించి పనిచేయుట నేరమే గాక ప్రాణాంతకము కూడ. వ్యవసాయమునకిచ్చిన విద్యుత్తును ఇంటి వెల్డింగునకు మరల్చుటయు తగదు.

రెండవ అంకె చిన్న అక్షరములలో నుండును: శాతము. పది నిమిషములలో ఎంతసేపు ఆపకుండ పనిచేయవచ్చునో అది తెల్పును. 200 ఆంపియర్ల వద్ద 20 శాతమని యున్నచో రెండు నిమిషములు అతికి, ఎనిమిది నిమిషములు చల్లారనీయవలెను. వేడి ఆంపియర్ల వర్గమును అనుసరించి పెరుగును గనుక, అదే యంత్రమును 100 ఆంపియర్ల వద్ద నడపిన ఎనిమిది నిమిషములు పనిచేయవచ్చును. ఇంటిపనులకు ఇది కావలసినదానికంటె ఎక్కువ. అందుచేత, వ్రాసిన అంకె నిజమైనదైనచో, 160 ఆంపియర్ల చిన్న యంత్రము సామాన్య గృహస్థునకు చాలును. శాతమును అసలే వ్రాయని యంత్రమును కొనకుండుటయే క్షేమము.

అతుకవలసిన ఇనుము సంగతి కొంత చెప్పవలసియున్నది. అంగడిలో దొరకు పట్టీలు, కోణములు, చదరపు గొట్టములు మెత్తని ఉక్కుతో చేసినవి. వీనిలో కర్బనము తక్కువ. ఇవి చక్కగా అతుకును. గొట్టపు గోడ మందము మిల్లీమీటరున్నర మాత్రమే యున్నచో, పెద్ద రాడ్డు దానికి రంధ్రము చేయును. రెండు మిల్లీమీటర్ల రాడ్డును 50 ఆంపియర్ల వద్ద వాడవలెను. గొడ్డలి, నాగటి కర్రు, లారీ కమాను పట్టీలు వేఱు. వీనిలో కర్బనము హెచ్చుగా నుండుటచే, అతుకు చల్లారునప్పుడు ప్రక్కనే పెళుసై పగులును. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున ఒకప్పుడు మూసలలో కరిగించిన ఉక్కు, కర్బనము హెచ్చుగా గలదై, కత్తులకు పేరుగాంచి పారశీక దేశము వఱకు పోయినది. కత్తికి ప్రాణమైన ఆ గుణమే అతుకునకు శత్రువు. పొలములో విరిగిన కర్రును ఇంటి యంత్రముతో అతికి మోసపోవుటకంటె కమ్మరికే ఇచ్చుట మేలు. జస్తపు పూత గల రేకును అతికినచో వెలువడు తెల్లని పొగ పీల్చిన జ్వరము వచ్చును. పూతను ముందుగా గీకివేయవలెను. డీజిలు, పురుగుమందు నిలువయుంచిన డబ్బాలు ఖాళీవైనను వానిని అతుకరాదు; లోపల మిగిలిన ఆవిరి పేలును. గడ్డివాముల దగ్గరను, పత్తి నిలువల దగ్గరను రాడ్డు వెలిగింపరాదు.

ఉన్న సొమ్మంతయు యంత్రముపై పెట్టువాడు నల్ల అద్దమునకు కరవు పడును. ఇది మిక్కిలి నష్టకరమైన పొదుపు. ఈ మంటలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు కలవు. చూచినప్పుడు నొప్పి తెలియదు. కొన్ని గంటలు గడచిన పిమ్మట, సాధారణముగా రాత్రివేళ, కన్నులలో ఇసుక పోసినట్లు మంటపుట్టి నీరు కారును. ఒకటి రెండు దినములలో తగ్గినను, మాటిమాటికి ఇట్లు జరుగుట చూపునకే ముప్పు. ఎండ కళ్ళజోడు దీనిని ఆపదు. 10 లేక 11 సంఖ్య గల అద్దమున్న ముఖకవచమే కావలెను. వెల్డింగు కవచములకు ఐ.ఎస్. 1179 అను భారతీయ ప్రమాణము గలదు. తోలు చేతితొడుగులు, నూలు దుస్తులు, మూసిన బూట్లు దానికి తోడు. నైలాను బట్టపై నిప్పురవ్వ పడిన కరిగి చర్మమునకు అంటుకొనును. వానకాలమున తడి నేలపై నిలిచి రాడ్డు మార్చరాదు; మంట లేనప్పుడు కూడ రాడ్డు చివరను 60 నుండి 80 వోల్టులు ఉండవచ్చును. వీధిలో వెల్డింగు జరుగుచున్నచోట పిల్లలు గుమిగూడి ఆ వెలుగును వింతగా చూచుట పరిపాటి. పనివాడు కవచము వెనుక నుండును. చూచువారికి ఏ కవచమును లేదు. పనిచేయుచోట చుట్టును తడికయో తెరయో కట్టవలెను.

బాలురు తాకదగిన యంత్రమిది కాదు. ఈ విద్యయందు ఆసక్తి గలవారికి పారిశ్రామిక శిక్షణ సంస్థలలో ఒక సంవత్సరపు వెల్డరు శిక్షణ కలదు. ఎనిమిదవ తరగతిలో ఉత్తీర్ణులైనవారు దానికి అర్హులు. ఇంటిలోని పెద్దలకు లెక్కవేసి పెట్టుట మాత్రము ఇప్పుడే చేయవచ్చును. రాడ్డు పరిమాణము, ఆంపియర్లు, ప్లగ్గు మోయు భారము, శాతము—ఇవి యన్నియు ఒక కాగితముపై పట్టును.

సొమ్ము చెల్లించుటకు ముందు అంగడిలోనే యంత్రమును పరీక్షింపుమని అడుగవలెను. రామచంద్రాపురమందలి భెల్ వంటి పెద్ద కర్మాగారములలో ముఖ్యమైన అతుకులను ఎక్స్-కిరణములతోను, అతిధ్వని తరంగములతోను పరీక్షింతురు. గృహస్థునకు సుత్తియే చాలును. రెండు పట్టీ ముక్కలను ఒకవైపు మాత్రము అతికించి, చల్లారనిచ్చి, గట్టిగా బిగించి, అతుకు మీదికి వంగునట్లు కొట్టవలెను. పట్టీ వంగియు అతుకు నిలిచినచో మంచిదే. అతుకు ఊడివచ్చినచో లోపల చూడవలెను. ఇనుము మెరయుచు గరుకుగా చినిగియున్న అది కరిగి కలిసినదని యర్థము; ఒకవైపు పట్టీ అంచు కోసినప్పటి నునుపుతోనే మిగిలియున్నచో లోహము పైపైననే అంటినది. అప్పుడు అదే యంత్రముతో, అదే రాడ్డుతో, ఆంపియర్లు కొంచెము పెంచి మఱల అతికింపుమనవలెను. రెండవసారియు అట్లే ఊడినచో ఆ యంత్రమును అక్కడనే విడిచి రావచ్చును.