స్థాయితో ముగియని స్వరమాల: రామామాత్యుని వీణామేళము

షడ్జముతో మొదలైన స్వరసప్తకము తారషడ్జముతో ఒక చుట్టు పూర్తి చేసికొనునని సంగీతవిద్యార్థి తొలిపాఠముననే నేర్చును. ఈ చుట్టునకు స్థాయి యని పేరు. పైస్థాయిలో అవే స్వరములు మరల వచ్చుననుట అందఱు ఎఱిగినదే. కాని స్థాయివద్ద పునరావృత్తి కాని స్వరవ్యవస్థలును కలవు. అవి కేవలము పాశ్చాత్యుల నూతనకల్పనలని పలువురు భావింతురు. ఆ సమస్యకు బీజము మన వీణాదండము మీదనే యున్నదనియు, క్రీ.శ. 1550లో రచితమైన రామామాత్యుని 'స్వరమేళకలానిధి' ననుసరించి మెట్లను లెక్కించినచో అది స్పష్టమగుననియు చూపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ముందుగా కొలతను గూర్చి ఒకమాట. రెండు స్వరముల స్పందనసంఖ్యలు 1:2 నిష్పత్తిలో నున్న నది ఒక స్థాయి. 2:3 అయినచో షడ్జపంచమభావము. 3:4 అయినచో షడ్జమధ్యమభావము. ఆధునికులు స్థాయిని 1200 భాగములు చేసి ఒక్కొక్క భాగమును సెంటు అందురు. శుద్ధమైన పంచమము సుమారు 702 సెంట్లు, మధ్యమము 498 సెంట్లు. రెండును కలిసి 1200. భరతముని నాట్యశాస్త్రమున సంవాదమునకు 13 శ్రుతుల అంతరమును, 9 శ్రుతుల అంతరమును చెప్పెను. వాని మొత్తము 22. రెండు లెక్కలకును ఆధారము ఒక్కటే.

ఇక షడ్జమునుండి పంచమమునకు, ఆ పంచమమునకు మరల పంచమమునకు, ఇట్లు పండ్రెండుమాఱులు పోయితిమనుకొందము. ఏడు స్థాయిల పైన షడ్జము లభింపవలెను. కాని లభించునది షడ్జము కాదు. దానికి సుమారు 23.5 సెంట్లు ఎక్కువైన వేఱొక స్వరము. మూడు యొక్క ఏ ఘాతమును రెండు యొక్క ఏ ఘాతముతోను సమానము కానేరదు. కనుక శుద్ధపంచమముల వరుసను ఎంతదూరము పొడిగించినను అది స్థాయితో కలిసి చక్రము కాదు. దానిని చక్రమనుట లోకవ్యవహారము మాత్రమే.

రామామాత్యుడు విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయమున నుండినవాడు. సంగీతరత్నాకరమునకు వ్యాఖ్య రచించిన కల్లినాథుని వంశమువాడు. ఆయన వివరించిన శుద్ధమేళవీణలో నాలుగు వాదనతంత్రులు క్రమముగా షడ్జ, పంచమ, షడ్జ, మధ్యమములకు శ్రుతి చేయబడును. వానిక్రింద ఆఱు మెట్లు. ఒక్కొక్క మెట్టు నాలుగు తంత్రులకును అడ్డముగా నుండును. కావున షడ్జతంత్రిపై ఏ అంతరములు పలుకునో, పంచమతంత్రిపై అవే అంతరములు పంచమము నుండి పలుకును. అనగా ఈ మెట్ల అమరిక స్థాయివద్ద కాక పంచమమువద్దనే పునరావృత్తి యగుచున్నది. స్వయంభూస్వరములను ఆధారముగా గొని మెట్లను నిలుపుట ఆయన పద్ధతి.

దీనిని గణితమున పరిశీలింతము. సౌలభ్యమునకై నేటి స్వరనామములను వాడుచున్నాను. మధ్యమతంత్రిపై రెండవమెట్టు పంచమము. మధ్యమ పంచమముల అంతరము 8:9 గనుక షడ్జతంత్రిపై అదే మెట్టు 9/8 ప్రమాణముగల చతుశ్శ్రుతి రిషభము. పంచమతంత్రిపై అది 27/16 ప్రమాణముగల చతుశ్శ్రుతి ధైవతము. అదే ధైవతము మధ్యమతంత్రిపై నాలుగవ మెట్టున రావలెను. దానినిబట్టి నాలుగవ మెట్టు షడ్జతంత్రిపై 81/64, అనగా 408 సెంట్ల గాంధారము. ఈ విధముగనే సాగినచో ఆఱవ మెట్టు 729/512 ప్రమాణముతో 612 సెంట్ల ప్రతిమధ్యమ మగును. అయిదవ మెట్టు శుద్ధమధ్యమము. అచటనుండి వెనుకకు వచ్చినచో మూడవ మెట్టు 32/27, మొదటి మెట్టు 256/243, అనగా 90 సెంట్లు.

ఇక్కడనే చిక్కు. మధ్యమతంత్రిపై మొదటి మెట్టును కూడ ప్రతిమధ్యమమనియే పిలుతుము. లెక్క వేసినచో అది 588 సెంట్లు. షడ్జతంత్రిపై ఆఱవ మెట్టు పలికినది 612. ఒకే పేరుగల స్వరము రెండుచోట్ల 23.5 సెంట్ల భేదముతో పలుకుచున్నది. మనము పండ్రెండు పంచమముల చివర చూచిన శేషమే ఇది. అది వీణకారుని దోషము కాదు, శ్రుతి చేసినవాని దోషము కాదు, సంఖ్యల స్వభావము. మెట్ల పరిమితిని రామామాత్యుడు ఎఱుగును. అంతరగాంధార కాకలినిషాదములకు వేఱు మెట్లు పెట్టక, సమీపమెట్ల స్వరములనే ప్రతినిధులుగా ఆయన అంగీకరించెను.

పాశ్చాత్యులు ఇరువదవ శతాబ్దిలో ఈ శేషమును దాచుటకు మాఱుగా స్థాయినే విడిచి చూచిరి. హైన్జ్ బోలెన్, జాన్ పియర్స్ అనువారు వేఱువేఱుగా కనుగొన్న పద్ధతిలో పునరావృత్తి 1:2 వద్ద కాదు, 1:3 వద్ద. మన పరిభాషలో మంద్రషడ్జము నుండి మధ్యస్థాయి పంచమము వఱకు ఒక చుట్టు. దానిని 13 సమభాగములు చేయగా ఒక్కొక్కటి 146.3 సెంట్లు. వెండీ కార్లోస్ 1986లో ప్రకటించిన ఆల్ఫా అను క్రమమున మెట్టు 78 సెంట్లు. తొమ్మిది మెట్లకు పంచమము కుదురును గాని ఎన్ని మెట్లకును తారషడ్జము కుదురదు.

ఈ విచారము మన ప్రాంతమునకు దూరమైనది కాదు. కడప జిల్లాలోని సురభి గ్రామమున 1885లో 'కీచకవధ' ప్రదర్శనముతో సురభి నాటకసంప్రదాయము ఆరంభమైనది. పద్యనాటకమునకు హార్మోనియము ప్రాణమువంటి దైనది. ఆ వాద్యమున స్థాయి పండ్రెండు సమభాగములు. గాంధారము సరిగా 400 సెంట్లు. తంబురా షడ్జతంత్రిని మీటి చెవియొగ్గినచో దానంతట అదే వినవచ్చు గాంధారము 386 సెంట్లు. పైన లెక్కించిన వీణామెట్టు 408. పులివెందులలో గాని ప్రొద్దుటూరులో గాని ఒక బాలుడు గాంధారము నేర్చుచున్నాడన్నచో ఈ మూటిలో దేనిని నేర్చుచున్నాడు? ఆకాశవాణి 1940లో హార్మోనియమును నిషేధించి 1971లో కొంతవఱకు సడలించినది. నిషేధమువలన ఈ ప్రశ్న తీరలేదు. నేడు ఎలక్ట్రానిక్ కీబోర్డుతోనే అభ్యాసము ప్రారంభించు పిల్లలకు ప్రశ్న వినబడుటయే లేదు.

హార్మోనియమును నిందించుట ఈ వ్యాసమున మా అభిమతము కాదు. ఏ స్థిరస్వరవాద్యమైనను ఆ శేషమును ఎక్కడనో ఒకచోట దాచుకొనవలసినదే. హార్మోనియము దానిని పండ్రెండు స్థానములకు సమానముగా పంచినది. రామామాత్యుని వీణ దానిని ప్రతిమధ్యమము, శుద్ధరిషభము వంటి తావుల చేర్చినది. గాత్రమునకు మాత్రమే దాచవలసిన పని లేదు. గాయకుడు రాగమునుబట్టి, గమకమునుబట్టి స్వరమును తగినచోట నిలుపగలడు. కావున పన్నెండు స్వరస్థానములను ప్రకృతిసిద్ధములైన స్థిరబిందువులుగా బోధించుట శాస్త్రసమ్మతము కాదు. వీణపై మధ్యమతంత్రి మొదటి మెట్టును, షడ్జతంత్రి ఆఱవ మెట్టును ఒకదానివెంట నొకటి మీటి విద్యార్థికి వినిపించినచో, గ్రంథము చెప్పినది చెవికి తెలియును. లక్ష్యలక్షణముల సమన్వయమునకు అంతకంటె సులభమైన పాఠము లేదు.